చిన్న దేశం, సొంత జెండా

చిన్న రాష్ట్రమైతే ఎట్లా బతుకుతారని మమ్మల్ని ఏళ్ల తరబడి అడిగారు. ధర్నాలో కూర్చున్నా అదే ప్రశ్న, ఆఫీసులో పెన్‌డౌన్ చేసినా అదే ప్రశ్న. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. ఇప్పుడు విదర్భవాళ్లను అడుగుతున్నారు. అడిగేవాళ్లకు మేము ఆటల మైదానంలో స్లొవేనియాను చూపిస్తాం.

స్లొవేనియా జనాభా 21 లక్షలు. హైదరాబాద్‌లో సగం కూడా లేదు. యూగొస్లావియాలో ఉన్నన్నాళ్లూ అదొక మూల ప్రాంతం. ఆటగాళ్లకు మాత్రం అప్పుడూ కొదవ లేదు. జిమ్నాస్ట్ లియోన్ ష్టుకెల్ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో రెండు, 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకటి స్వర్ణాలు గెలిచాడు. మిరోస్లావ్ త్సెరార్ 1964, 1968లో గెలిచాడు. చెమట స్లొవేనియాది, ఖాతా యూగొస్లావియాది! నీళ్లు, నిధులు, నియామకాల కోసం కొట్లాడిన మనకు ఈ లెక్క ఒకరు విప్పి చెప్పాలా?

1991 జూన్ 25న స్లొవేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. 1992 బార్సిలోనాలో సొంత జెండా కింద పడవ పందేల్లో రెండు కాంస్యాలు తెచ్చుకుంది. అందులో ఒక పడవ నడిపిన ఇజ్‌టోక్ చోప్, 2000 సిడ్నీలో లూకా ష్పిక్‌తో కలిసి స్వర్ణం కొట్టాడు. 1984, 1988లో యూగొస్లావియా తరఫున పోటీపడ్డ రైఫిల్ షూటర్ రాయ్‌మోండ్ డెబెవెత్స్ అదే సిడ్నీలో మరో స్వర్ణం సాధించాడు. మనిషి అతనే, తుపాకీ విద్యా అదే. మారింది జెండా.

ఆల్ప్స్ కొండల దేశం కాబట్టి మంచు మీద స్కీయింగ్ అక్కడ జనం ఆట. టీనా మాజే 2014 సోచిలో రెండు స్వర్ణాలు గెలిచింది. 2020 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసులో మొదటి రెండు స్థానాలూ స్లొవేనియావే: తాదేయ్ పొగాచర్, ప్రిమోజ్ రోగ్లిచ్. పొగాచర్ 2021, 2024, 2025లో మళ్లీ గెలిచాడు. గోడలెక్కే పోటీలో యాన్యా గార్న్‌బ్రెట్‌ది టోక్యోలోనూ, పారిస్‌లోనూ స్వర్ణమే.

వాళ్లది వేరే దేశం, మనది రాజ్యాంగం లోపలి రాష్ట్రం. వాళ్లు పది రోజుల యుద్ధం చూశారు. ఆ తేడా మాకు తెలుసు. అయినా 2017 యూరోబాస్కెట్ ఫైనల్ గుర్తు చేయాలి. ఇస్తాంబుల్‌లో స్లొవేనియా 93-85తో సెర్బియాను ఓడించింది. గెలిపించిన కోచ్ ఇగోర్ కొకోష్కోవ్ ఎవరు? సెర్బియా మనిషే! విడిపోతే పగవాళ్లవుతారన్న పెద్దలు ఇది చదువుకోవాలి. విడిపోయి కలిసుందామని మనం రోడ్ల మీద అన్నది ఇదే.

అయితే ఒక్క జెండా పతకాలు తేదు. డెబెవెత్స్ తొలి ఒలింపిక్స్‌కు, స్వర్ణానికి మధ్య పదహారేళ్ల సాధన ఉంది. పేరు తెచ్చుకోవడం సగం పని. ఊరి సర్కారు బడికి గ్రౌండు, గ్రౌండులో పీఈటీ సారు ఉంటేనే మిగతా సగం. రాష్ట్రం కోసం కొట్లాడిన విద్యార్థులు, ఉద్యోగులే దాన్నీ అడగాలి. అడిగే హక్కు మనకు ఎవరూ దానంగా ఇవ్వలేదు, కొట్లాడి తెచ్చుకున్నాం.