తాత జావాకి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేస్తే తప్పేంటి?

మైసూరు, కోలారు పక్క మన చుట్టాల ఇళ్లల్లో జావా, ఎజ్డి బండ్లు ఇంకా ఉన్నాయి. కొన్ని గోనెపట్టా కిందే ఉండిపోయాయి, స్టార్ట్ కావు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేద్దామంటే పెద్దవాళ్లు "ఒరిజినల్ పోతుంది" అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను.

ఐడియల్ జావా వాళ్లు 1961 నుంచి మైసూరులో బండ్లు చేసింది జనం తిరగడానికి, గోనెపట్టా కింద దాచడానికి కాదు. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. పాయింట్లు సెట్ చేసే చెయ్యి తిరిగిన మెకానిక్కులు కూడా తగ్గిపోతున్నారు.

పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. క్యామ్ మీద రాసుకునే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, టైమింగ్ వెనక్కి పోతుంది. కండెన్సర్ పాడైతే పాయింట్లు కాలిపోతాయి. నెలల తరబడి నిలబెడితే పాయింట్ల మీద పొర కట్టి కరెంటు పోదు. ఇక కిక్కు కొట్టి కొట్టి కాలు నొప్పే మిగులుతుంది.

పెద్దనాన్నల వాదనలోనూ నిజం ఉంది. పాయింట్లు చెడితే రోడ్డు పక్కనే గీకి ఇంటికి రావచ్చు. ఎలక్ట్రానిక్ డబ్బా చచ్చిపోతే ఆటో ఎక్కించాల్సిందే. కానీ అలా గీకి సరిచేసేది మన ఇంట్లో ఇప్పుడు ఎవరు? నేర్చుకున్నవాళ్లుంటే పాయింట్లే ఉంచుకోండి, నాకేం పేచీ లేదు. లేనప్పుడు ఆ వాదన బండిని మూలన పడేయడానికే పనికొస్తుంది.

అలాగని అంగడివాడు ఇచ్చిన కిట్టల్లా తగిలించమని కాదు. పాయింట్ల స్థానంలో సెన్సర్ మాత్రమే పెట్టే కిట్లు చవక. కానీ పాత 6 వోల్టుల డైనమో, బ్యాటరీ మీదే ఆధారపడతాయి. బ్యాటరీ దిగిపోతే నిప్పురవ్వ రాదు. డైనమో తీసేసి, తనే కరెంటు పుట్టించుకునే 12 వోల్టుల సీడీఐ సెట్టు ఖర్చెక్కువ. బల్బులు, హారన్, బ్యాటరీ కూడా మార్చాలి. అయినా నా ఓటు దానికే, ఎందుకంటే బ్యాటరీ చచ్చినా బండి స్టార్ట్ అవుతుంది.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. వెనక్కి తిప్పుకోలేని మార్పంటే మాకు భయం. ఇక్కడా అదే సూత్రం. కేసింగ్ కొయ్యాలి, కొత్త బొక్కలు వెయ్యాలి అనే కిట్టు వద్దు. పాత వైరింగ్ కత్తిరించనివ్వకండి. రోటర్‌ని పుల్లర్‌తోనే తీయించండి, సుత్తి తగలకూడదు. తీసిన డైనమో, పాయింట్లు, కాయిల్ డబ్బాలో పెట్టి పేరు రాయండి. రేపు మీ మనవడికి ఒరిజినల్ కావాలంటే తిరిగి బిగించుకుంటాడు.

అన్నిటికంటే ముందు క్రాంక్ బేరింగ్ చూపించండి. జావాలో పాయింట్ల క్యామ్ క్రాంక్ కొసనే తిరుగుతుంది. బేరింగ్ వదులైతే గ్యాప్ ఎప్పటికీ నిలవదు. ఆ రోగానికి కొత్త ఇగ్నిషన్ మందు కాదు.

నేను చదివింది కన్నడ మీడియం. నా తెలుగులో కన్నడ మాటలు కలిశాయని మన ఇంట్లో ఎవరూ నన్ను తెలుగువాడు కాదనలేదు. మాట్లాడుతున్నానా లేదా అన్నదే చూశారు. బండిని కూడా అలాగే చూడండి, పెద్దనాన్నా.