సభ్యుని వోటు ఎవరిది?

శాసనసభలలో పక్షముల బలాబలములను లెక్కించుట మన పట్టణములలో చిరకాలముగా నున్న వేడుక. ఏలూరు అంగళ్లయొద్దను, తాడేపల్లిగూడెము ధాన్యపు కొట్లయొద్దను, ఎన్నికలు ముగిసినంతనే ఎవరి కెన్ని స్థానములని గణించువారు కొల్లలుగ నుందురు. ఆ సభ యైదేండ్లు కూర్చుండి లేచినపిదప మనకు మిగిల్చిన దేమని విచారించువా రరుదు. గడచిన సభలలో ఎనిమిదవ లోకసభ ఇట్టి విచారణకు మిక్కిలి తగినదని మా యభిప్రాయము. అది చేసిన రెండు రాజ్యాంగ సవరణలు నేటికిని మన వోటును, మన సభ్యుని వోటును శాసించుచున్నవి.

1984 డిసెంబరు 31వ తేదీన ఏర్పడిన ఆ సభ 1989 నవంబరు 27వ తేదీన రద్దయ్యెను. ఇందిరాగాంధీ హత్యానంతరము జరిగిన యెన్నికలలో 514 స్థానములకుగాను కాంగ్రెసునకు 404 లభించెను. 1985లో పంజాబు, అస్సాములలో ఎన్నికలు ముగియునప్పటికి ఆ సంఖ్య 414 అయ్యెను. ఇంచుమించుగా అయిదింట నాలుగుపాళ్లు స్థానములు గెలిచిన పక్షమునకు వచ్చిన వోట్లు నూటికి సగముకంటె కొంచెము తక్కువయే.

ఆంధ్రప్రదేశము మాత్రము ఆ వెల్లువలో కొట్టుకొనిపోలేదు. మన 42 స్థానములలో తెలుగుదేశము 30 గెలిచెను. కాంగ్రెసునకు ఆరే దక్కెను. ఏలూరు బోళ్ల బుల్లిరామయ్య గారిని తెలుగుదేశము పక్షమున పంపెను. భారతీయ జనతా పక్షము దేశమంతటను గెలిచినవి రెండే స్థానములు. అందొకటి మన హనుమకొండ. అచట నోడినవారు పి. వి. నరసింహారావు గారు. ఒక్క రాష్ట్రమున పుట్టి మూడేండ్లయినను నిండని తెలుగుదేశము లోకసభలోని ప్రతిపక్షములలో పెద్దది యయ్యెను. అయినను ముప్పదిమంది సభలో పదవవంతునకు చాలరు గనుక ప్రతిపక్ష నాయకుడను గుర్తింపు ఎవరికిని లేకపోయెను.

ఆ సభ 1985 జనవరిలో 52వ రాజ్యాంగ సవరణను ఆమోదించెను. పక్షమును విడిచిన సభ్యుడును, పక్షాజ్ఞను మీరి వోటు వేసిన సభ్యుడును సభ్యత్వమును కోల్పోవుదురని దాని సారము. ఆ శాసనము నాడు మనకెంత అవసరముగ తోచెనో మరువరాదు. 1984 ఆగస్టు 16న ఎన్. టి. రామారావు గారి ప్రభుత్వము పడద్రోయబడెను; సెప్టెంబరు 16న గాని ఆయన పదవి ఆయనకు తిరిగి రాలేదు. శాసనసభ్యులను శిబిరములలో దాచుకొనవలసి వచ్చిన ఆ నెలదినములను చూచిన తెలుగువారు, ఫిరాయింపులకు కట్టుదిట్టము వలదని యెట్లనగలరు?

రెండవది 61వ సవరణ. 1989 మార్చిలో అమలులోనికి వచ్చిన ఈ సవరణచే వోటు హక్కునకు వయస్సు 21 నుండి 18 ఏండ్లకు దిగెను. ఆ నవంబరులో దేశము కాంగ్రెసునకు మెజారిటీ నీయకుండగా, ఆంధ్రప్రదేశము 39 స్థానములను దానికే యిచ్చెను. తెలుగుదేశమునకు రెండే మిగిలెను. ఏలూరు బుల్లిరామయ్య గారిని కాదని సినీనటుడు కృష్ణ గారిని కాంగ్రెసు పక్షమున పంపెను. 1991లో మరల బుల్లిరామయ్య గారినే పిలిచెను. తన తీర్పును తానే మార్చుకొనగలుగుట వోటరు స్వాతంత్ర్యము.

వోటరు స్వాతంత్ర్యమును విస్తరించిన సభయే వోటరు పంపిన సభ్యుని స్వాతంత్ర్యమును కుదించెను. గెలిపించిన పక్షమును విడిచిపోవుట వోటరును వంచించుటయే. దానికి శిక్ష న్యాయము. కాని ఒక బిల్లుపై తన సీమ మేలుకోరి పక్షముతో విభేదించుట ద్రోహమా? శాసనము ఈ రెంటిని ఒక్క గాటనే కట్టినది.

కొల్లేటి సీమవారికి ఇది దూరపు ప్రశ్న కాదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు నీరు కొల్లేట చేరి ఉప్పుటేరు మీదుగా సముద్రమునకు పోవలయును. దారి మూసికొన్నచో చేలు మునుగును. 1999లో అయిదవ కాంటూరు వరకు కొల్లేరు అభయారణ్యమయ్యెను. 2002లో రామ్‌సార్ ఒడంబడిక క్రింద చేర్చబడెను. 2006లో చేపల చెరువుల గట్లు తెగగొట్టబడెను. 2008లో హద్దును మూడవ కాంటూరునకు తగ్గింపవలెనని రాష్ట్ర శాసనసభ తీర్మానించెను. జిరాయితీ భూమిగల రైతు, వేటతో బ్రతుకు బెస్తవాడు, సరస్సు నాశ్రయించిన పక్షి: ఈ మూటి మేలును తూచుట ఏ పక్షాజ్ఞకును సాధ్యము కాదు. అడవులను, వన్యప్రాణులను గూర్చిన బిల్లు ఢిల్లీలో వోటునకు వచ్చి, పక్షాజ్ఞ ఒకవైపును, కొల్లేటి మేలు వేరొకవైపును ఉన్ననాడు, మన సభ్యుడు సీమను తలచుకొన్నచో పదవి పోవును.

దినేశ్ గోస్వామి సంఘము 1990లోనే దీనికి దారి చూపెను. పక్షాజ్ఞను మీరినందుకు శిక్ష విశ్వాసావిశ్వాస తీర్మానములు, ద్రవ్యబిల్లులు, రాష్ట్రపతి ప్రసంగమునకు ధన్యవాద తీర్మానము వంటివానికే పరిమితము కావలెనని ఆ సంఘ మభిప్రాయపడెను. 2003 నాటి 91వ సవరణ, మూడవవంతు సభ్యులు చీలిన శిక్ష లేదను మినహాయింపును తొలగించెను. అది మంచిదే, కాని గోస్వామి సంఘపు సూచన యట్లే మూలబడియున్నది. ప్రభుత్వము నిలుచుటకు పడుటకు సంబంధింపని విషయములందు సభ్యుని వోటు సభ్యునకు తిరిగి రావలెనని మేము కోరుచున్నాము.

అంతవరకు మన సభ్యులు ఊరక కూర్చుండుటకు వీలులేదు. శాసనము వారి చేతిని కట్టినది గాని నోటిని కట్టలేదు. ప్రశ్న లడుగుటకును, చర్చలో సీమ కష్టమును విన్నవించుటకును ఎవరి యాజ్ఞయు నక్కరలేదు. నేడు ఏలూరు వారి సభ్యుడు వేరు, నరసాపురము నియోజకవర్గమున జేరిన తాడేపల్లిగూడెము వారి సభ్యుడు వేరు. అడుగవలసిన మాట యొక్కటే. మరల వోటుకొరకు గుమ్మమెక్కినవారిని పాఠకులు “తమది ఏ పక్షము?” అని యడిగి విడువక, “అయిదేండ్లలో మా కొరకు సభలో తాము లేచి యేమనిరి?” అనియు నడుగుదురుగాక.