మన యూరి మాట మన యాకాశమున

వార్తాపత్రిక చదువుటకు అక్షరజ్ఞానము కావలయును; రేడియో వినుటకు చెవి చాలును. పఠనమందిరములలో పత్రికలు తిరుగవేయు మనకంటె మడిలోని రైతునకును, నడిసంద్రమందలి జాలరికిని రేడియో యెక్కువ యక్కఱకు వచ్చుట యిందువలననే. అట్టి సాధనము శ్రీకాకుళ, విజయనగర మండలములకు నేటికిని దూరపు గొంతుకతోనే పలుకుచున్నది.

చెన్నపురి కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను, విశాఖపట్టణ కేంద్రము 1963లోను వెలసినవి. ఆకాశవాణి యొక్కొక్క యడుగే మనకు చేరువగుచు వచ్చినది. విశాఖ కేంద్రము చేసిన సేవను మేము తక్కువ చేయము. కాని ఇచ్ఛాపురమునుండి విశాఖకు రెండువందల కిలోమీటర్లకు పైబడి దూరము కలదు. తీరము, మన్యము, పట్టణములు, పల్లెలు అన్నియు నొక్క కేంద్రమువైపే చూచుచుండగా ఏ యూరి గోడునకు ఎన్ని నిమిషములు దక్కును?

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము 234 పట్టణములలో 730 ఎఫ్.ఎం. ఛానెళ్లను వేలము వేయుటకు అనుమతించినది. ఆ పట్టికలో శ్రీకాకుళము, విజయనగరము రెండును ఉన్నవి. సంతోషమే. కాని 2011 నాటి విధానపు షరతులు చదివినవారికి ఆ సంతోషము నిలువదు. ప్రైవేటు కేంద్రము తానుగా వార్తలు సేకరించి చెప్పరాదు. ఆకాశవాణి వార్తలను మార్పులేక వినిపింపవచ్చును. స్థానికపు ఆటలకు వ్యాఖ్యానము చేయవచ్చును. నీరు, విద్యుత్తులను గూర్చి అధికారులిచ్చిన సమాచారము చెప్పవచ్చును. అనగా కుళాయి యెప్పుడు వచ్చునో అధికారి చెప్పినది చెప్పవచ్చును. ఎందుకు రాలేదని పౌరుడడిగిన ప్రశ్నను వార్తగా చెప్పరాదు! ఇది యేమి న్యాయము?

ఆకాశతరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము పుట్టినది క్రికెట్ పందెముల ప్రసారమును గూర్చియే. సొత్తు ప్రజలదైనప్పుడు దానిపై ప్రజల వార్త నిషిద్ధమగు టెట్లు? అదే వార్తను పత్రిక అచ్చువేయవచ్చును, టెలివిజను చూపవచ్చును, చేతిలోని ఫోను క్షణములో లోకమంతట చాటవచ్చును. రేడియో నోటికి మాత్రమే తాళము! పుకార్లు పుట్టునని కొందఱందురు. పుకారును చంపునది మౌనము కాదు. పేరు, ఊరు గల బాధ్యుడు చెప్పిన నిజము. తప్పు చెప్పినవానిని శిక్షించుటకు చట్టములు ఉండనే యున్నవి. గంటకు పది నిమిషముల వార్తలకు అనుమతి నీయవచ్చునని ట్రాయి 2023లో సిఫారసు చేసినది. మా మతమున నది చాలదు. ఆరంభముగా నదియైన ఆచరణలోనికి రావలయును.

ఇది పండితుల వాదము కాదు, ప్రాణముల మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున విరుచుకుపడినప్పుడు ఉద్దానపు కొబ్బరి, జీడితోటలు నేలకూలినవి. విద్యుత్తును, ఫోనులును నిలిచిపోయినవి. అట్టి వేళ బ్యాటరీతో పలుకు చిన్న రేడియోకు సాటి లేదు. ఏ దారి తెగినది, ఏ బడిలో అన్నము దొరకును అన్న సంగతి ఆ ప్రాంతపువాడే ఆ ప్రాంతపు నుడికారములో చెప్పవలయును. వంశధార, నాగావళులు ఒడిశా కొండలలో పుట్టి మనపైకి వఱదలై వచ్చునవి. ఆ కబురు నీటికంటె ముందు రావలయును. ఉద్దానమును పీడించు మూత్రపిండవ్యాధిని గూర్చి వైద్యులు ప్రజలతో నిత్యము ముచ్చటింపవలసి యున్నది.

ఆటల సంగతియు నట్టిదే. 2000 సిడ్నీ ఒలింపిక్సులో కాంస్యము గెలిచి, ఒలింపిక్ పతకమందిన తొలి భారతస్త్రీయైన కరణం మల్లీశ్వరి ఆమదాలవలస దాపున ఊసవానిపేటలో పెరిగిన బిడ్డ. పతకము వచ్చిన పిమ్మట లోకమంతయు చెప్పును. పతకము రాకముందే వ్యాయామశాలలోని పిల్లను గూర్చి చెప్పవలసినది ఊరి రేడియో.

వేలములో హెచ్చు పాడినవాడు పెట్టుబడి రాబట్టుకొనుటకై దినమంతయు సినిమా పాటలే వేసిన ఆశ్చర్యము లేదు. కావున స్థానిక వార్తలకు, గోష్ఠులకు, ఆటలకు ఇన్ని గంటలని ప్రభుత్వము షరతు విధింపవలయును. మన చేతిలోని పనియు నొకటి కలదు. 2008లో జహీరాబాదు ప్రాంతపు మాచునూరులో దళితస్త్రీలు సంఘం రేడియోను నడిపి చూపిరి. సామాజిక రేడియోకును వార్తల నిషేధము వర్తించును గాని, సేద్యము, ఆరోగ్యముల గోష్ఠులకు అడ్డు లేదు. మన కళాశాలలు, సేవాసంఘములు దరఖాస్తు చేయవలయును. పఠనమందిరములు సభలు జరిపి, వార్తా నిషేధము తొలగింపుడని తీర్మానించి పార్లమెంటు సభ్యులకు పంపవలయును. వాడుకమాటకై పోరాడిన గిడుగు, గురజాడల సీమ యిది; ఈ సీమ నోరు కట్టుకొని కూర్చుండుట తగదు. అడుగనిదే అమ్మయైన పెట్టదు. అడుగుదము.