రొయ్యకున్న పరీక్ష బిడ్డకు లేదా?

మా నెల్లూరు తీరంలో రొయ్యల చెరువు పట్టుబడికి వచ్చినపుడు ముందుగా ఒక పరీక్ష జరుగుతుంది. నమూనా తీసి, అందులో యాంటీబయాటిక్ మందుల అవశేషాలు ఉన్నాయేమో చూస్తారు. ఉన్నాయని తేలితే ఆ సరుకు విదేశాలకు పోదు. పోయినా వెనక్కు తిరిగి వస్తుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే పేర్లు వైద్య విద్యార్థికి ఎంత తెలుసో మా రొయ్యల రైతుకూ అంత తెలుసు. మంచిదే. కాని అదే తీరంలో మెడకు గొట్టంతో బ్రతుకుతున్న పసిబిడ్డ శరీరంలోకి సంవత్సరానికి ఎన్ని యాంటీబయాటిక్‌లు పోతున్నాయో లెక్క చూసేవారు ఎవరు?

ఈ ప్రశ్న నాకు ఊరక పుట్టలేదు. మైపాడుకు ఉత్తరాన ఒక మత్స్యకార కుప్పం నుంచి ఒక తల్లి తన నాలుగేళ్ళ కొడుకును నా వద్దకు తీసుకువచ్చింది. నెలలు నిండకుండా పుట్టి, చాలా వారాలు కృత్రిమ శ్వాసయంత్రంపై ఉండి, స్వరపేటిక క్రింద నాళం ఇరుకైపోయిన బిడ్డ. మెడలో చేసిన రంధ్రం ద్వారా, అంటే ట్రేకియాస్టమీ ద్వారా, ఊపిరి తీసుకుంటున్నాడు. ఆమె సంచిలోని మందుచీటీలు వరుసగా పేర్చి చూశాను. ఒక్క సంవత్సరంలో తొమ్మిది పర్యాయాలు యాంటీబయాటిక్ వాడారు. ‘జ్వరం ఎన్నిమార్లు వచ్చిందమ్మా?’ అని అడిగాను. ‘రెండుమార్లే సార్. తక్కినవన్నీ తెమడ పచ్చగా పడుతోందని ఇచ్చారు’ అన్నది.

ఆ తొమ్మిదింటిలో ఏడు అనవసరమైనవని నా నిశ్చితాభిప్రాయం. ఎందుకో చెబుతాను.

మన ముక్కు కేవలం గాలి పోయే దారి కాదు. అది గాలిని వేడిచేస్తుంది, తేమ చేర్చుతుంది, దుమ్మును వడగడుతుంది. మెడలో గొట్టం ఉన్న బిడ్డకు ఈ మూడు పనులూ ఆగిపోతాయి. పొడిగాలి తిన్నగా శ్వాసనాళంలోకి పోయి, శ్లేష్మాన్ని చిక్కబరుస్తుంది. గొట్టం శరీరానికి పరాయి వస్తువు కనుక దాని లోపలి గోడపై సూక్ష్మజీవులు జిగురు పొరగా కాపురం పెడతాయి. సూడోమోనాస్, స్టెఫిలోకాకస్ వంటి జీవులు ఈ పిల్లల గొట్టాలలో దాదాపు ఎప్పుడూ ఉంటాయి. ఉండడం వేరు, దాడి చెయ్యడం వేరు. వాకిట్లో మనిషి నిలబడినంత మాత్రాన ఇంట్లో దొంగతనం జరిగినట్లు కాదు.

అందువలన ఆరోగ్యంగా ఆడుకుంటున్న బిడ్డ గొట్టంలోని శ్లేష్మాన్ని కల్చరుకు పంపినా సూక్ష్మజీవులు పెరిగాయనే నివేదిక వస్తుంది. ఆ కాగితానికి వైద్యం చేస్తే బిడ్డకు వైద్యం చేసినట్లు కాదు. మందుకు లొంగే సూక్ష్మజీవులు చచ్చి, లొంగనివి మిగులుతాయి. నిజమైన న్యుమోనియా వచ్చిన రోజున నోటిద్వారా ఇచ్చే మందు ఒక్కటీ పనిచెయ్యదు. అప్పుడిక సూదిమందులు, ఆసుపత్రి పడక, అప్పులు.

మరి నిజమైన ఇన్‌ఫెక్షన్‌ను ఎలా గుర్తించాలి? జ్వరం, మామూలుకంటె వేగంగా శ్వాస, ఎగదీత, డొక్కలు లోపలికి పోవడం, పల్స్ ఆక్సీమీటరులో ఆక్సిజన్ తగ్గడం, శ్లేష్మం ఒక్కసారిగా బాగా పెరిగి చిక్కబడడం, రక్తం పడడం, బిడ్డ తిండి మాని నీరసించడం: ఇవి చూడాలి. ఇవి ఉన్నపుడు జాగు చెయ్యరాదు, యాంటీబయాటిక్ అవసరమైతే పూర్తి మోతాదులో ఇవ్వాలి. ఇవేవీ లేక రంగు మాత్రమే మారితే తేమ పెంచి, శ్లేష్మం తీసి, రెండు రోజులు కనిపెట్టి ఉండడమే వైద్యం.

‘ఆ రెండు రోజులలో బిడ్డకు ఏమైనా అయితే ఎవరిది బాధ్యత?’ అని నా తోటి వైద్యులు అడుగుతారు. ఆ భయం నాకు తెలుసు. ప్రభుత్వ కొలువులో ఉన్న రోజులలో రద్దీకి, భయానికి లొంగి నేనూ అట్టి చీటీలు వ్రాశాను. కాని ఆ భయానికి విరుగుడు మందుచీటీ కాదు. ఏ లక్షణం కనిపిస్తే పరుగున రావాలో తల్లికి నేర్పి పంపడం విరుగుడు. నేర్పడానికి పావుగంట పడుతుంది, చీటీకి అరనిమిషం చాలు. మనం అరనిమిషాన్ని ఎంచుకుని దానికి జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాము.

చీటీ సైతం అక్కరలేని దుకాణాలున్నాయి. 2014 మార్చి నుంచి అమలులో ఉన్న హెచ్1 షెడ్యూలు ప్రకారం సెఫిక్సిమ్ వంటి మందులు చీటీ లేకుండా అమ్మరాదు. రోగి పేరు, వైద్యుని పేరు పుస్తకంలో వ్రాసి మూడేళ్ళు భద్రపరచాలి. పాఠకులు తమ వీధి చివరి దుకాణంలో ఆ పుస్తకం ఎప్పుడైనా చూశారా?

ఇక తల్లిని అడిగాను: ‘సక్షన్ ఎలా చేస్తున్నావో చూపించమ్మా.’ చూపింది. సక్షన్ గొట్టాన్ని అడ్డు తగిలేదాకా లోపలికి తోసింది. పని అయ్యాక దానిని గ్లాసుడు నీళ్ళలో పెట్టింది. రోజంతా అదే గొట్టం, అవే నీళ్ళు. సూడోమోనాస్‌కు ఇంతకంటె మంచి నివాసం దొరకదు. తప్పు ఆమెది కాదు. మెడకు కోత పెట్టినవారు ఆమెకు యంత్రం మీట చూపించారే గాని పని నేర్పలేదు.

నేర్పవలసినది ఇంతే. ముందుగా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మెడలోని గొట్టం ఎంత పొడవో అంతవరకే సక్షన్ గొట్టం పోవాలి. ఆ కొలతకు గుర్తు పెట్టుకోవాలి. లోపలికి పెట్టి తీయడం పది సెకనులు దాటరాదు. ప్రతిసారీ సెలైను పోయనక్కరలేదు. ఒకసారి వాడి పారవేయడం ఉత్తమం. స్తోమత లేక వైద్యుని సలహాపై మళ్ళీ వాడితే, కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పొడి డబ్బాలో మూతపెట్టి ఉంచాలి. సీసాలోని ద్రవాన్ని రోజూ పారబోసి కడగాలి. కృత్రిమ నాసిక అనే చిన్న పరికరాన్ని గొట్టానికి తగిలిస్తే గాలికి తేమ నిలుస్తుంది. తలంటిన తరువాత సాంబ్రాణి పొగ, దోమల చుట్ట, కట్టెల పొయ్యి పొగ, తండ్రి బీడీ ఈ బిడ్డ దరికి రారాదు. 2021 నుంచి ప్రభుత్వం దేశమంతటా ఉచితంగా ఇస్తున్న న్యూమోకాకల్ టీకా తప్పక వేయించాలి. ఫ్లూ టీకా ఏటా కొని వేయించుకోవడం మంచిది. ఇన్నీ చేసినా మాటిమాటికి న్యుమోనియా వస్తుంటే, మింగేటప్పుడు పాలు, అన్నం శ్వాసనాళంలోకి జారుతున్నాయేమో పరీక్షించాలి.

నేను వైద్యం చదివిన రోజులలో ఈ రంధ్రాన్ని కంఠసర్పి వచ్చిన పిల్లలకు చేయడం చూశాను. జబ్బు తగ్గగానే గొట్టం తీసివేసేవారం. ఈనాడు నవజాత శిశు వైద్యం పెరిగి, నాడు దక్కని శిశువులు దక్కుతున్నారు. వారిలో కొందరు ఏళ్ళ తరబడి గొట్టంతో ఉండవలసి వస్తోంది. ప్రాణం నిలిపే నేర్పు పెరిగింది. ఆ ప్రాణాన్ని ఇంటి వద్ద కాపాడే ఏర్పాటు పెరగలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో జరిగే చికిత్సకు డబ్బు చెల్లిస్తాయి. ఇంటికి వెళ్ళాక సక్షన్ యంత్రం, మారు గొట్టాలు ఎవరు కొనాలి? వేటకు పోతేగాని పొయ్యి వెలగని ఇల్లు కొనాలా?

పైగా మనది తుపానుల తీరం. 1989 నవంబరులో కావలి వద్ద తీరం దాటిన గాలివానను నా తరం మరువలేదు. 2015, 2021 నవంబరు వరదలు పిల్లలకు కూడ గుర్తే. కరెంటు పోయిన రాత్రి విద్యుత్ సక్షన్ యంత్రం ఒట్టి డబ్బా. కాలితో తొక్కే సక్షన్ పంపు ఉన్నదని ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు.

కనుక నేను కోరేది ఇది. ఇంట్లో ఇద్దరికి సక్షన్ చేయడం, గొట్టం మార్చడం వచ్చినదాకా ఏ ఆసుపత్రీ ఇట్టి బిడ్డను ఇంటికి పంపరాదు. పంపేటప్పుడు అదే కొలత గొట్టం ఒకటి, ఒక కొలత చిన్నది మరొకటి, బ్యాటరీతో గాని కాలితో గాని నడిచే పంపు ఒకటి చేతికివ్వాలి. ఆ ఖర్చును శస్త్రచికిత్స ప్యాకేజీలోనే చేర్చాలి. ఊరి ఆశా కార్యకర్తకు, నర్సుకు శిక్షణ ఉండాలి. ఒక్క న్యుమోనియాకు ఐ.సి.యు.లో అయ్యే ఖర్చు ముందు ఇదెంత?

ఆ బిడ్డకు నేను క్రొత్త మందేదీ వ్రాయలేదు. తల్లి చేత నా ఎదుట మూడుసార్లు సక్షన్ చేయించాను. గొట్టంపై కొలతకు గుర్తు పెట్టించి, ప్రమాద లక్షణాలు ఒక కాగితంపై తెలుగులో వ్రాసి ఇచ్చాను. వెళుతూ, ‘ఇది అప్పుడే చెప్పివుంటే సరిపోయేది కదా సార్’ అన్నది. నా వృత్తి తరపున జవాబు చెప్పలేకపోయాను.