ఇంటర్నెట్ డబ్బా కూస్తే ఎవరిని అడగాలి?

తనకల్లు మండలంలోని పల్లెలలో ఇంటర్నెట్ డబ్బా ఇప్పుడు వింత వస్తువు కాదు. టి.వి. పక్కనో, గూట్లో దేవుని పటాల కిందనో ఒక చిన్న డబ్బా, దానికొక నల్లటి అడాప్టరు కనిపిస్తూనే వుంటాయి. అయితే ఆ డబ్బా వున్నట్టుండి కీచురాయిలా కూయడమో, తుమ్మెదలా జుమ్మనడమో, గడియారంలా టిక్కుటిక్కుమనడమో మొదలుపెడితే ఏం చేయాలో చెప్పేవారు మాత్రం పల్లెలో దొరకడం లేదు. కొందరు భయపడి రాత్రిళ్ళు స్విచ్చి తీసేస్తున్నారు. కొందరు అదే సర్దుకుంటుందిలే అని పైన గుడ్డ కప్పి వూరుకుంటున్నారు. మరికొందరు డబ్బా పోయిందన్న మాట నమ్మి కొత్తదానికి డబ్బు కడుతున్నారు. చప్పుడు ఎక్కడ నుంచి వస్తున్నదో తెలుసుకుంటే భయమూ వుండదు, దండుగ ఖర్చూ వుండదు.

ఒకే డబ్బా, మూడు పనులు

2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టి.వి., టెలిఫోను మూడూ ఇస్తామని అప్పట్లో చెప్పారు. కరెంటు స్తంభాల మీదనే గాజు తీగ లాగారు కనుక ఖర్చు తగ్గింది. ఇతర కంపెనీల తీగలూ పల్లెలకు వచ్చాయి. సౌకర్యం గొప్పదే, కాదనలేము. కాని అన్ని పనులూ ఒకే డబ్బా మీద, ఆ డబ్బా ఒకే అడాప్టరు మీద ఆధారపడి వున్నాయన్న సంగతి మరువరాదు. అడాప్టరు చెడిన నాడు పిల్లవాని పాఠం ఆగుతుంది. మదనపల్లె మార్కెట్లో టమోటా ధర తెలియదు. బెంగళూరుకు పనికి పోయిన కొడుకు ముఖం ఫోనులో కనిపించదు. కరవు సీమలో వలస పోయినవారికీ, ఇంట మిగిలిన ముసలివారికీ మధ్య ఆ డబ్బాయే వంతెన.

తీగలో వెలుగు, అడాప్టరులో కరెంటు

గాజు తీగలో పారేది వెలుగు. వెలుగుకు చప్పుడు లేదు. ఇళ్ళలో పెట్టే డబ్బాల్లో చాలావాటికి లోపల ఫ్యాను కూడా వుండదు. కనుక చప్పుడు వచ్చిందంటే ముందుగా అనుమానించవలసింది కరెంటునే. డబ్బా మీద ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఇంటర్నెట్ ఆగితే తీగ తెగిందనో, వంగిందనో అర్థం. అది తీగ వేసినవారి పని. వెలుగు పోతే తీగను చూడాలి, చప్పుడు వస్తే కరెంటును చూడాలి. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం చిక్కు విడిపోతుంది.

గోడ ప్లగ్గులో వుండే కరెంటు 230 వోల్టులు. సాధారణంగా డబ్బాకు కావలసింది 12 వోల్టులు. మధ్యనున్న అడాప్టరు కరెంటును సెకనుకు వేల సార్లు ఆపుతూ, వదులుతూ ఆ తగ్గింపు చేస్తుంది. మంచి అడాప్టరు ఈ పనిని మన చెవికి అందనంత వేగంగా చేస్తుంది. మనిషి చెవి సెకనుకు 20 వేల కంపనాలు దాటితే వినలేదు. లోపలి తీగచుట్ట వదులైనా, భాగాలు ముసలివైనా కంపనం చెవికి అందే స్థాయికి దిగి వస్తుంది. మనం వినే కీచు అదే. వయసు పెరిగేకొద్దీ సన్నని కీచును వినే శక్తి తగ్గుతుంది. అందుకే మనుమడు చప్పుడు వస్తోందంటాడు, తాత లేదంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఇలాంటి విషయంలో పిల్లల మాట కొట్టివేయరాదు.

చప్పుడును బట్టి జబ్బు

సన్నగా, ఎప్పుడూ ఒకే తీరున వచ్చే కీచు వల్ల వెంటనే ప్రమాదం లేదు. అడాప్టరు చేయి పెట్టలేనంత వేడెక్కితే మాత్రం మార్చుకోవాలి. టిక్కుటిక్కుమంటూ, ప్రతి టిక్కుకూ డబ్బా లైట్లు వెలిగి ఆరుతుంటే అడాప్టరు లేవబోయి పడిపోతున్నదని అర్థం. సాధారణంగా లోపలి కెపాసిటర్ ఎండిపోవడం దీనికి కారణం. బోరు మోటారుకు పెట్టే కెపాసిటర్ ఉబ్బిపోవడం రైతులందరికీ తెలిసినదే. దానికి తమ్ముడే ఇదీ. వేడి దీనికి శత్రువు. పది డిగ్రీల వేడి పెరిగితే దీని ఆయుస్సు సుమారు సగానికి పడిపోతుందన్నది ఇంజనీర్ల లెక్క. ఏప్రిల్, మే నెలల్లో రేకుల ఇంట్లో, గుడ్డ కప్పిన టి.వి. వెనుక ఇరికించిన అడాప్టరు ఎన్నాళ్ళు బతుకుతుంది?

చిటపటమన్నా, మాడిన వాసన వచ్చినా ఆలోచించవద్దు. వెంటనే మెయిన్ స్విచ్చి తీయాలి. అది చాలాసార్లు అడాప్టరుది కాక వదులైన ప్లగ్గుది. ఒకే జంక్షన్ బాక్సుకు టి.వి., ఫోను చార్జరు, మిక్సీ అన్నీ తగిలించే అలవాటు మానాలి. ఆగి ఆగి కూత పెట్టేది డబ్బా కాదు, దాని పక్కనున్న బ్యాటరీ పెట్టె. బ్యాటరీ అయిపోతోందని అది చెబుతున్నది. టక్కు టక్కుమని కొట్టుకునేది స్టెబిలైజరు. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడిచేటపుడు మాత్రమే జుమ్మంటే తప్పు ఇన్వర్టరుది. చవక ఇన్వర్టర్లు ఇచ్చే కరెంటు నునుపుగా వుండదు. అలాంటపుడు ఇంట్లో ఫ్యాను కూడా జుమ్మంటుంది, గమనించండి.

మోటార్ల వేళ, రాత్రి వేళ

చప్పుడు ఏ వేళ వస్తున్నదో రెండు మూడు రోజులు చూసి కాగితం మీద రాసుకోవడం మంచిది. బోర్లకు మూడు ఫేజుల కరెంటు వచ్చే వేళలోనే వస్తుంటే వోల్టేజి పడిపోతున్నదని అనుమానించాలి. వోల్టేజి తగ్గినపుడు అడాప్టరు అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. ఇళ్ళకిచ్చే కరెంటులో హెచ్చుతగ్గులు నూటికి ఆరు వంతులు మించరాదని 1956 నాటి భారత విద్యుత్ నియమాలలోనే రాశారు. అంటే 230కి అటూ ఇటూ 14 వోల్టుల లోపు. పొరుగు మండలం ఎన్.పి.కుంటలో ఎన్.టి.పి.సి. 250 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రాన్ని 2016లో పూర్తి చేసింది. ఊరి పక్కనే కరెంటు పుడుతున్నా ఊళ్ళో బల్బు మినుకుమంటే దాన్ని తలరాత అనుకోనక్కరలేదు. అది ట్రాన్స్‌ఫార్మరు మీది బరువును లెక్క చూడకపోవడం.

ఇంతకంటె ముఖ్యమైనది ఇంకొకటి వుంది. అడాప్టరు గట్టిగా జుమ్మంటూ, అదే సమయంలో ఇంట్లో బల్బు మామూలు కంటె తెల్లగా వెలిగిందంటే స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ వదులై వుండవచ్చు. అలాంటపుడు ఒక ఇంట్లో వోల్టేజి పడిపోతుంది, పక్కింట్లో 300 దాటుతుంది. నిమిషాల్లో టి.వి.లు, ఫ్రిజ్జులు కాలిపోతాయి. మెయిన్ తీసి, ఇరుగుపొరుగుకు చెప్పి, 1912కు ఫోను చేయాలి. స్తంభం మీద చేయి పెట్టే సాహసం ఎవరూ చేయరాదు. ఆ క్షణంలో ఆ చిన్న డబ్బా చప్పుడే వీధి మొత్తానికి హెచ్చరిక.

మన నేలకు మరొక చిక్కు వుంది. ఎర్త్ పనిచేయాలంటే నేలలో తేమ వుండాలి. దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాలలో మనదొకటి. ఎర్త్ గుంత తీసి బొగ్గు, ఉప్పు వేసి మరచిపోతే వేసవిలో అది పేరుకే ఎర్త్. వారానికి ఒకటి రెండు బిందెల నీళ్ళు పోయడం ఇంటివారి పని. తాగే నీటికే కటకటగా వున్న ఊళ్ళలో పాత్రలు కడిగిన నీళ్ళు పోసినా చాలు.

ఎవరి పని ఎవరు చేయాలి?

ఇంటివారు చేయగలిగింది చేశాక మిగిలినది ఇతరుల బాధ్యత. కనెక్షను ఇచ్చినవారు ఇంటికి వచ్చేటపుడు మంచి అడాప్టరు ఒకటి వెంట తెచ్చి, దాన్ని తగిలించి చూశాకనే డబ్బా పోయిందని చెప్పాలి. అడాప్టరు ధర డబ్బా ధరలో చిన్న భాగమే. పాతదాని మీద రాసిన వోల్టులే కొత్తదానికీ వుండాలి, ఆంపియర్లు తగ్గరాదు, పిన్ను సరిపోవాలి. ఇంత చిన్న పరీక్ష చేయకుండా వేల రూపాయల కొత్త డబ్బా అంటగట్టడం కూలి డబ్బుతో బిల్లు కట్టేవారికి అన్యాయం. తీసుకున్న ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వాలి. ఫిర్యాదు చేసినవారికి ఫిర్యాదు నెంబరు ఇవ్వాలని 2012 నాటి ట్రాయ్ నియమాలు చెబుతున్నాయి. ఆ నెంబరు అడిగి తీసుకోవడం మన హక్కు. అప్పటికీ న్యాయం జరగకపోతే వినియోగదారుల హెల్ప్‌లైను 1915 వుంది.

విద్యుత్ సంస్థవారు ఏటా వేసవికి ముందు ప్రతి ఊరి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రల్ బిగింపు, ఎర్త్, మీద పడుతున్న బరువు తనిఖీ చేయాలి. ఊరివారు ఫోను చేస్తే లైన్‌మన్ మీటరు తెచ్చి వోల్టేజి కొలిచి అంకె చెప్పాలి. "అంతా బాగానే వుంది" అన్న జవాబు చాలదు.

ఐ.టి.ఐ. చదివి పనిలేక వున్న కుర్రాళ్ళు మన పల్లెల్లో తక్కువేమీ లేరు. పంచాయతీకి ఒకరికి ఒక మీటరు, రెండు మంచి అడాప్టర్లు ఇచ్చి, ఇంటింటికీ తిరిగి చూసే పని ఎందుకు అప్పగించకూడదు? బోరు మోటారు మోగే తీరు విని జబ్బు చెప్పే మెకానిక్కులు మన మండలంలో వున్నారు. ఆ విద్యనే ఈ చిన్న డబ్బా దాకా తీసుకురావాలి.

పల్లెకు తీగ లాగడంతో పని పూర్తి అయిందని అనుకోరాదు. తీగ వచ్చిన ఇంట్లో డబ్బా మూగబోకుండా చూడడం కూడా ఆ పనిలో భాగమే. విద్యుత్ సంస్థ, కనెక్షను ఇచ్చినవారు ఒకరి మీద ఒకరు నెపం వేసుకోకుండా, వచ్చే వేసవిలోగా తనకల్లు మండలంలో ఊరూరా ఒక రోజు కలిసి తనిఖీ చేయాలని కోరుతున్నాము.