నవలాకారుని రెండు ఋణములు

కథ చెప్పువానికి లోకము ఒక గొప్ప స్వాతంత్ర్యము నొసంగినది. జరుగనిది జరిగినట్లు చెప్పవచ్చును, లేనివానిని పుట్టింపవచ్చును, చచ్చినవానిని బ్రదికింపవచ్చును. ఇందులకు వానిని అసత్యవాది యని యెవ్వరును నిందింపరు. శాస్త్రమును బోధించువానికి ఈ స్వాతంత్ర్యము లేదు. ఒక్క అంకె తప్పినను, ఒక్క నియమము దాచినను, వినువాడు మోసపోవును. ఈ రెండు పనులను ఒకే మనుష్యుడు చేపట్టినచో ఏమగును? కల్పన శాస్త్రమును చెఱుచునా? శాస్త్రము కల్పనను ఎండగట్టునా? ఇది సాహిత్య విమర్శకులు మాత్రమే తేల్చుకొనవలసిన ప్రశ్న కాదు. భౌతికశాస్త్రపు ఫలములు వంటయింటివఱకును, యుద్ధభూమివఱకును వ్యాపించిన యీ కాలమున, ఆ శాస్త్రమును గూర్చి సామాన్యునికి ఎవరు చెప్పుచున్నారు, ఎట్లు చెప్పుచున్నారు అనునది ప్రజలకందఱకును సంబంధించిన విషయము.

ఆస్ట్రేలియా పశ్చిమ తీరమందలి పెర్తు నగరమున 1961లో జన్మించిన గ్రెగ్ ఈగన్ ఈ ప్రశ్నకు ముప్పదియేండ్లకు పైగా తన పనితోనే సమాధానము చెప్పుచున్నాడు. ఆతడు ఆచార్యుడు కాడు. ఏ విశ్వవిద్యాలయపు పీఠమును ఆతనికి లేదు. గణితమున పట్టము పొంది, కొంతకాలము కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసి జీవించి, పిదప నవలాకారుడాయెను. 1994లో వెలువడిన 'పెర్మ్యుటేషన్ సిటీ', 1997 నాటి 'డయాస్పొరా' ఆతనికి కీర్తి తెచ్చినవి. 'ఓషియానిక్' అను పెద్దకథకు 1999లో హ్యూగో బహుమానము లభించినది. అయినను ఆతడు రచయితల సభలకు పోడు. పుస్తకములపై సంతకములు చేయడు. తన ఛాయాచిత్రమునైనను లోకమునకు చూపడు. ఇటీవలి నవలలు కొన్నింటిని తానే ప్రచురించుకొనుచున్నాడు. ఇట్టివాడు నవలలతో తృప్తినొందక, సాపేక్ష సిద్ధాంతమును, కృష్ణబిలములను, క్వాంటం సిద్ధాంతమును సామాన్య పాఠకునికి మెట్టుమెట్టుగా వివరించుచు వ్యాసములు వ్రాసి, ఎవ్వరి వద్దను ఒక్క కాసైనను పుచ్చుకొనక ప్రకటించెను. ఉన్నత పాఠశాలలో నేర్చిన గణితము తప్ప వేఱొండు విద్యను ఆ వ్యాసములు పాఠకునినుండి కోరవు. కొంచెము ఓపికను మాత్రము కోరును.

ఆతని పద్ధతి యెట్టిదో ఒక్క యుదాహరణము చాలును. 2011 మొదలు 2013 వఱకు 'ఆర్థొగొనల్' అను పేర మూడు సంపుటముల నవల వెలువడినది. దానిని తెలిసికొనుటకు మొదట మన లోకపు నియమమును చూతము. ఒక నౌక మహావేగమున ఆకాశమునకు పోయి తిరిగివచ్చిన దనుకొందము. ఇంటివారి గడియారమున 5 ఏండ్లు గడచినవి. పోకలో, రాకలో ఒకే వేగమున నౌక నడచిన దూరము మొత్తము 3 కాంతి సంవత్సరములు. నౌకలోనివారికి ఎన్నియేండ్లు గడచియుండును? 5 యొక్క వర్గము 25. 3 యొక్క వర్గము 9. మొదటిదానినుండి రెండవదానిని తీసివేయగా 16. దాని వర్గమూలము 4. ఇంటనున్నవానికి 5 ఏండ్లు, ప్రయాణికునికి 4 ఏండ్లు. ఐన్‌స్టీను 1905లో ప్రకటించిన సిద్ధాంతమును నమ్మలేక లోకము తెల్లపోవుటకు కారణమైన వింత యంతయు ఈ చిన్న తీసివేతలో నిమిడియున్నది.

ఈగన్ ఆ తీసివేత గుర్తును చెఱిపి కూడిక గుర్తును పెట్టెను. 25, 9 కలిసి 34; దాని వర్గమూలము 6కు కొంచెము తక్కువ. ఇప్పుడు ఇంటనున్నవానికంటె ప్రయాణికునికే యెక్కువ కాలము గడచును. దీర్ఘచతురస్రపు కర్ణమును గూర్చి బౌధాయన శుల్బసూత్రములలో మన పూర్వులు చెప్పిన నియమమే అచట కాలమునకును వర్తించును. నౌక వేగము పెరిగి పెరిగి, దాని మార్గము ఇంటివారి కాలరేఖకు లంబముగా నిలిచినపుడు, నౌకలో ఎన్ని తరములు గడచినను ఇంట ఒక్క గడియయైన గడువదు. నవలకు ఆ పేరు వచ్చుట యిందువలననే.

ఈ గుర్తు మార్పునుండియే కథ పుట్టినది. ఆ లోకమున ఒక గ్రహమునకు ఆకాశమునుండి మహాపద రానున్నది. దానిని తప్పించు విద్య అచటివారికి లేదు. నేర్చుకొనుటకు కాలమును లేదు. కావున వారొక పర్వతమునే నౌకగా మలచి, పండితులను అందెక్కించి పంపుదురు. నౌకలో తరములు పుట్టి, పరిశోధించి, గతించును. ఇంటివారికి గడచునది నాలుగేండ్లే. బయలుదేఱినవారు మరల ఇల్లు చూడరు; వారి మనుమల మనుమలు విద్యతో తిరిగివత్తురను ఆశయే వారికి మిగులును. ఎవరికొఱకు తాము జీవించుచున్నారో వారిని ఎన్నడును చూడని మనుష్యుల త్యాగకథ యిది. ఒక్క గుర్తును మార్చుటవలన నింత కరుణరసము పుట్టునని గణితపు ఉపాధ్యాయుడెవ్వడు తలచియుండును?

ఇందు గమనింపదగిన దేమన, ఈగన్ తాను మార్చిన దేదియో పాఠకునికి దాపఱికము లేక చెప్పెను. ఆ మార్పువలన కాంతి యేమగును, రంగులు వేర్వేఱు వేగములతో ఎట్లు పోవును, నక్షత్రము చుక్కగా గాక రంగుల చాఱగా ఏల కనబడును అను విషయములను చిత్రములతో, లెక్కలతో వేఱుగా వివరించెను. ఒక్క నియమమును మార్చిన పిదప మఱి దేనిని తన సౌకర్యము కొఱకు మార్చుకొనలేదు. ఒక రైతు రెండు చేలను దున్నవచ్చును. నడుమనున్న గట్టును మాత్రము దున్నరాదు. తన కల్పన యెచట ముగియునో, ప్రకృతి యెచట మొదలగునో ఆ గట్టును ఈగన్ కాపాడెను.

ఈ నవలలు కష్టములని, కథ నడుమ పాఠములు అడ్డువచ్చునని ఆక్షేపించువారు కలరు. ఆ యాక్షేపణ పూర్తిగా నిరాధారము కాదు. 2008లో వచ్చిన 'ఇన్‌కాండిసెన్స్' అను నవలలో, మహాసాంద్రమైన యొక వస్తువు చుట్టు తిరుగు ఱాతి గర్భమున నివసించు జీవులు, ఆకాశమునే చూడక, తమ ఇంటిలో వస్తువుల బరువు ఒక్కొక్కచోట ఒక్కొక్క విధముగా నుండుటను కొలిచి కొలిచి, గురుత్వాకర్షణ సిద్ధాంతమును కనుగొందురు. ఆ పుటలను కలమును, కాగితమును దగ్గఱ నుంచుకొనక చదువుట కష్టమే. విశ్రాంతి కొఱకు నవలను తెఱచినవాడు విసుగుచెందినచో వానిని తప్పుపట్టరాదు. కాని పాఠకుడు పసివాడు, వానికి నమిలిన ముద్దయే పెట్టవలెనను రచయితలు లోకమున కొఱతపడలేదు. పాఠకుని బుద్ధిని నమ్మి, నీవును ఈ మెట్లెక్కగలవని చేయిచాచువాడు అరుదు. కష్టము పెట్టుట వేఱు, అవమానించుట వేఱు.

ఈ యోపిక యెందులకు? 2006లో జరిగిన యొక సంగతి దీనికి సమాధానము. ఇంగ్లండున వెలువడు 'న్యూ సైంటిస్టు' అను ప్రసిద్ధ పత్రిక ఆ సంవత్సరము సెప్టెంబరులో ఒక వింతయంత్రమును గూర్చి వ్యాసము ప్రకటించెను. రోజర్ షాయర్ అను ఇంజనీరు చెప్పినదాని ప్రకారము, అన్నివైపుల మూసిన లోహపు పాత్రలో మైక్రోవేవు తరంగములను నింపినచో, బయటికి దేనిని విసరకయే ఆ పాత్ర ముందునకు సాగును. బండిలో కూర్చుండి దాని ముందు పలకను ఎంత త్రోసినను బండి కదలదని మన పల్లెలోని బాలుడును ఎఱుగును. న్యూటను 1687లో ప్రకటించిన చలన నియమములు ఈ యనుభవమునే శాస్త్రముగా చెప్పినవి; తరంగములును ఆ నియమమునకు లోబడినవే. ఈగన్ ఊరకుండలేదు. ఇట్టి మూలసూత్రములనే పరీక్షింపక ప్రకటించుట పాఠకులకు ద్రోహమని బహిరంగముగా లేఖ వ్రాసెను. ఆ యంత్రము ఎంత వివాదాస్పదమో తాము తగినంత స్పష్టముగా చెప్పలేదను విమర్శ న్యాయమైనదేనని పత్రికా సంపాదకుడు ఒప్పుకొనెను. తరువాతి కాలమున కొన్ని ప్రయోగశాలలలో స్వల్పబలము కనబడెనని వార్తలు వచ్చినవి. తుదకు 2021లో జర్మనీయందలి డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయమువారు జాగ్రత్తగా కొలిచి, ఆ బలము పరికరము వేడెక్కుటవలన కలిగిన భ్రాంతియే యని తేల్చిరి.

కల్పనలతో జీవించువాడు, శాస్త్రవార్తలు చెప్పుటే వృత్తిగా గల పత్రికకు సత్యమును గుర్తుచేయవలసివచ్చుట విపరీతముగా తోచును. కాని యిది సహజమే. తాను బుద్ధిపూర్వకముగా నియమమును మార్చి కథ వ్రాయువానికి, నియమము మార్చబడినపుడు తెలియును. దొంగనాణెములు ఎట్లు పోతపోయుదురో ఎఱిగిన కంసాలి చేతిలో అవి చెల్లవు. ఆచార్యపదవి లేని నవలాకారునికి ఈ యధికారమెక్కడిదని యడుగువారు, 2002లో జాన్ బేయెజ్, డాన్ క్రిస్టెన్సన్ అను గణితవేత్తలతో కలిసి ఆతడు క్వాంటం గురుత్వమునకు సంబంధించిన పరిశోధన పత్రమును వెలువరించిన సంగతి తెలిసికొనవలెను. అధికారము పీఠమునుండి గాక లెక్కనుండి వచ్చును. లెక్క తప్పినచో ఎవరైనను చూపవచ్చును. శాస్త్రమునందలి ప్రజాస్వామ్యము ఇదియే.

నవల యొకవైపు, బోధన యొకవైపు లాగుచుండగా, మూడవ బాధ్యత యొకటి ఆతని తలుపు తట్టినది. 2002లో 'షిల్డ్స్ లాడర్' వచ్చిన పిదప 2008 వఱకు ఆతని నవల యేదియు వెలువడలేదు. ఆ నడుమ కొన్నేండ్లు ఆతడు కథలను ప్రక్కనుంచి, ఆస్ట్రేలియా ప్రభుత్వము నిర్బంధించిన శరణార్థుల పక్షమున పనిచేసెను. అనుమతిపత్రము లేక వచ్చినవారిని విచారణ లేకయే విధిగా నిర్బంధించు శాసనము ఆ దేశమున 1992లో వచ్చినది. రచయితకు కాలమే ధనము. దానిని ఆతడు ఖర్చుచేసిన తీరు చూడగా, కథ, శాస్త్రము, న్యాయము అను మూడును ఆతనికి వేర్వేఱు వ్యాపారములు కావని తోచును. మాటలాడలేనివానికి మాటయగుట, తెలియనివానికి తెలియజేయుట, లేనిదానిని ఊహింపజేయుట, ఈ మూడింటికిని మూలము ఎదుటివాని మనస్సునందు గౌరవమే.

ఈ మార్గము మనకు క్రొత్తది కాదు. 'రాజశేఖర చరిత్రము' వ్రాసిన కందుకూరి వీరేశలింగము పంతులుగారే తెనుగువారి కొఱకు జ్యోతిశ్శాస్త్రమును, శరీరశాస్త్రమును సంగ్రహించి గ్రంథములు వ్రాసిరి. 1906లో స్థాపితమైన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి చరిత్రలను, ప్రకృతిశాస్త్రములను, నవలలను ఒకే వరుసలో ప్రకటించెను. నవల చదువువాడు వేఱు, శాస్త్రము చదువువాడు వేఱు అను విభాగమును ఆ పెద్దలు అంగీకరింపలేదు. వారి దృష్టిలో పాఠకుడొక్కడే. వానికి రెండును కావలెను.

కావున నేటి రచయితలకు మా మనవి యిది. గ్రహాంతరముల కథలు వ్రాయుడు. కాలమును వెనుకకు నడిపింపుడు. ఒక గుర్తును కాదు, పది గుర్తులను మార్చుడు. కాని మార్చినది యేదియో చెప్పుడు. చెప్పగల శక్తి లేనిచో నేర్చుకొనుడు. పాఠకులకును ఒక మాట కలదు. వింతను విన్నంతనే నమ్మకుడు, తిరస్కరింపకుడు. కాగితము తీసి లెక్కవేయుడు. ఇరువదియైదునుండి తొమ్మిదిని తీసివేయుటకు పండితుడు కానక్కఱలేదు. తన లెక్క తాను వేసికొనలేని ప్రజ ఎవడు గట్టిగా పలికిన వానిని నమ్ముచు, ఒక యజమానునినుండి మఱియొక యజమానుని చేతికి మాఱుచుండును. ఆ దాస్యమును ఏ శాసనసభయు తొలగింపజాలదు.