టైరు పెద్దదైతే బండి పెద్దదవుతుందా?

పోయిన జుమా నాడు నమాజు అయ్యి బయటికి వస్తుంటే మా ఆపా ఫోన్. "నీ భాంజా బండికి పెద్ద టైర్లు వేయిస్తాడంట. నా గాజులు కుదువ పెట్టమంటున్నాడు. టైర్లకు గాజులేంది తమ్ముడూ? నువ్వే వచ్చి చూడు" అంది. గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా వినబడింది.

ఆపా వాళ్లుండేది సూరారంలో. భాంజా ఏడాది కింద సెకండ్ హ్యాండ్ పికప్ కిస్తీల మీద తీసుకున్నాడు. జీడిమెట్ల ఫ్యాక్టరీల నుంచి మాల్ ఎత్తుకుని గండిమైసమ్మ మీదుగా నర్సాపూర్ దాకా వేస్తాడు. ఆ రోడ్డు మీద రోజూ పోయేవాళ్లకు తెలుసు, ఎన్ని పికప్‌లు వెనక్కి కుంగిపోయి, ముందు చక్రాలు గాల్లో తేలినట్టు పోతుంటాయో.

నేను వెళ్లేసరికి భాంజా టైరు షాపు ముందున్నాడు. రిమ్ములు కంపెనీవే, వాటిని మార్చట్లేదు. వాటి మీదే వెడల్పాటి, ఎత్తైన టైర్లు ఎక్కించాలని ప్లాన్. "బండి హైట్ వస్తది మామూ. గుంతలు తెలియవు. ఇంకో ఐదొందల కిలోలు ఆరామ్‌గా లాగుతది" అన్నాడు.

ఈ ఆఖరి మాట దగ్గరే నేను ఆగిపోయాను. మన పిల్లల్లో చాలామందికి ఉన్న గలత్‌ఫహ్మీ ఇదే. టైరు పెద్దదైతే బండి తాకత్ పెరుగుతుందని!

షాపులోనే హిసాబ్ వేసి చూపించాను. ఉర్దూ మీడియం బడిలో దాయిరా, ఖుత్ర్, నిస్ఫ్ ఖుత్ర్ అని చదువుకున్నాను. తెలుగులోకి వచ్చాక అవే వృత్తం, వ్యాసం, వ్యాసార్ధం అయ్యాయి. ఇన్నేళ్లకు అవి పనికొచ్చింది ఒక టైరు షాపులో! వాడి పాత టైరు మీద 195/80 ఆర్ 15 అని ఉంది. 195 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 80 అంటే ఆ వెడల్పులో నూటికి 80 వంతులు పక్కగోడ ఎత్తు. 15 అంటే రిమ్ము అంగుళాలు. అన్నీ కలిపితే టైరు మొత్తం ఎత్తు 693 మిల్లీమీటర్లు. వాడు వేయించాలనుకున్నది 235/75 ఆర్ 15. దాని ఎత్తు దాదాపు 733. తేడా నాలుగు సెంటీమీటర్లు. ఇరుసు లేచేది అందులో సగమే, అంటే రెండు సెంటీమీటర్లు. అమ్మ గాజులు కుదువ పెట్టి వీడు కొనబోయే హైట్ ఇంతే.

దానికి నుక్సాన్ ఎంతో చూడండి. టైరు ఎత్తు దాదాపు ఆరు శాతం పెరిగింది. మీటరు 60 చూపిస్తుంటే బండి నిజంగా 63 దాటి పోతుంటుంది. మీటరు మీద వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, నిజంగా తిరిగింది 1,058. మైలేజీ తగ్గినట్టు కనబడుతుంది, ఆయిల్ మార్చడం ఆలస్యమవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ మీద భారం పడుతుంది. అన్నిటికంటే ఖతరా బ్రేకులది. చక్రం పెద్దదైంది, బ్రేకు మాత్రం పాతదే. అదే బండిని ఆపడానికి అది ఇంకా గట్టిగా పట్టాలి. పైగా వీడు ఇంకో అర టన్ను వేస్తానంటున్నాడు.

ఇక రిమ్ము. వాడి బండిది ఐదున్నర అంగుళాల వెడల్పు. 235 టైరుకు కనీసం ఆరు అంగుళాలు కావాలి. ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు బిగిస్తే పక్కలు ఉబ్బుతాయి, నడిమధ్య ఎక్కువ అరుగుతుంది, మలుపులో టైరు ఊగుతుంది. పక్కగోడ ఊగేకొద్దీ వేడెక్కుతుంది. మే నెల ఎండలో, ఫుల్ లోడు మీద ఆ వేడి ఎక్కడికి పోతుంది? ఖాళీ బండికి ఫిట్ చేసినప్పుడు అంతా బాగానే కనబడుతుంది. లోడు పడి పట్టీలు కుంగి, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు కదా టైరు బాడీకి రాసుకునేది.

అసలు తమాషా వేరే ఉంది. ఫోన్ టార్చ్ వేసి రెండు టైర్ల మీద లోడు నంబరు చదివాం. పాత సన్న టైరు లోడు బండ్ల కోసం చేసిన ఎల్.టి. రకం. దాని మీద 106 అని ఉంది, అంటే ఒక్కో టైరు 950 కిలోలు మోస్తుంది. కొత్త వెడల్పు టైరు కార్లకు వేసే రకం. దాని మీద 105, అంటే 925 కిలోలు. చూడ్డానికి పహిల్వాన్, మోసేది తక్కువ! భాంజా రెండుసార్లు చదువుకుని ఏమీ అనలేదు.

ఒకవేళ ఎక్కువ మోసే టైరే దొరికిందనుకోండి. అయినా ఫాయిదా లేదు. బండి ఎంత మోయాలో ఒక్క టైరు చెప్పదు. ఛాసిస్, ఇరుసు, పట్టీలు, బ్రేకులు అన్నీ కలిసి చెప్తాయి. ఆ మాట ఆర్సీలో రాసి ఉంటుంది. మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మనుషులకూ మాల్‌కూ కలిపి. టైరు మారిస్తే ఆర్సీ మారదు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెప్తుంది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కూడా ఒక కేరళ కేసులో ఆ మాటే ఖాయం చేసింది. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునే దారం ఇదే. అప్పుడు కిస్తీ కట్టేది ఎవరు? మా ఆపా.

నిజంగా టైర్లు అరిగిపోతే అదే సైజు, అదే ఎల్.టి. రకం, లోడు నంబరు తగ్గకుండా వేయించుకోవాలి. పక్కన ఉండే చివరి నాలుగు అంకెలు చూడాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. పైకి గీతలు బాగున్నాయని పాత టైరు కొంటే మోసపోయేది మనమే.

ఇదంతా విని భాంజా అన్న మాట ఇంకా నా చెవుల్లో ఉంది. "సరే మామూ, టైర్లు మార్చను. మరి ఎక్స్‌ట్రా లోడు వేయొద్దని సేఠ్‌కు ఎవరు చెప్తారు? నేను వద్దంటే వెనకాల ఇంకో బండి రెడీగా ఉంటది."

నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇక్కడిదాకా నేను వాడికి సబక్ చెప్తున్నాననుకున్నాను. అసలు మర్జ్ టైరులో లేదు, కిరాయిలో ఉంది. ట్రిప్పుకు ఇంత అని మాట్లాడుకున్నాక, ఆ ట్రిప్పులో ఎంత ఎక్కువ కుక్కితే సేఠ్‌కు అంత ఫాయిదా. ఖతరా మాత్రం మొత్తం స్టీరింగ్ ముందు కూర్చున్నవాడిది. పిల్లవాడి లాలచ్ కాదిది, మజ్బూరీ. చట్టం సెక్షన్ 194లో ఓవర్‌లోడు బండి నడిపేవాడితో పాటు నడిపించేవాడినీ కలిపే రాసింది. కానీ రోడ్డు మీద చేయి అడ్డం పెట్టి ఆపేది డ్రైవర్‌ని. గోడౌన్‌లో కూర్చున్న సేఠ్ దగ్గరికి ఎవరూ పోరు.

సేఠ్‌నొక్కణ్ణే అని మనం తప్పించుకోలేం. మన ఇళ్లలో షాదీ అవుతుంది. పెళ్లికూతురి సామాను పంపాలి. బీరువా, పలంగ్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గిన్నెల మూటలు, వాటి మీద నలుగురు పిల్లలు. "రెండో బండి ఎందుకు భాయ్, ఇందులోనే సర్దెయ్" అనేది ఎవరు? మనమే. వెయ్యి, పదిహేను వందలు మిగిలాయని ఖుష్ అవుతాం. ఆ డ్రైవర్ కూడా ఎవరికో భాంజా అని గుర్తురాదు.

కాబట్టి నా అర్జీ ఇద్దరికి. బండి నడిపే పిల్లలారా, కంపెనీ ఇచ్చిన సైజు మార్చకండి, ఆర్సీలో బరువు చదివి పెట్టుకోండి. ఒకే అడ్డా మీద నిలబడే పదిమంది ఒక్క మాట మీద ఉంటే "వెనకాల ఇంకో బండి" అనే బెదిరింపు చెల్లదు. బండి మాట్లాడుకునే పెద్దలారా, సామాను ఎక్కించేముందు "ఎంతవరకు మోస్తది బేటా?" అని ఒక్కసారి అడగండి. వాడు చాలన్న చోట ఆపండి.

ఆపా గాజులు ఆపా చేతికే ఉన్నాయి. భాంజా మర్నాడు ఫోన్ చేశాడు. సేఠ్ మళ్లీ ఎక్కువ మాల్ పెట్టబోతే ఆర్సీ తీసి చూపించాడట. ఆ ట్రిప్పు పోయింది. "పోతే పోయింది మామూ, కిస్తీకి మాత్రం ఈ నెల నువ్వు కొంచెం చూడాలి" అన్నాడు.

చూస్తానన్నాను. నసీహత్ ఇచ్చినవాడికి ఆ మాత్రం జిమ్మేదారీ ఉండాలి కదా.